భుజానికి ఉపశమనమా, చెవికి రక్షణా: వేట రైఫిల్‌కు పరికరాలు ఎంచుకునే పద్ధతి

రైఫిల్ గట్టిగా తంతోందని గొట్టం చివర మజిల్ బ్రేక్ అనే రంధ్రాల పరికరం బిగిస్తే భుజం మీద దెబ్బ తగ్గుతుంది, నిజమే. కానీ ముందుకు పోవాల్సిన వేడి వాయువును బ్రేక్ పక్కలకీ వెనక్కీ తిప్పుతుంది. ఆ వాయువే చప్పుడై మన చెవి మీదికి వస్తుంది. భుజం కమిలితే వారంలో మానుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి చస్తే మళ్ళీ పుట్టవు. అందుకే చప్పుడు పెంచకుండా దెబ్బ తగ్గించే దారులన్నీ ముందు చూడమంటాను. బ్రేక్ సంగతి ఆ తర్వాతే ఆలోచించండి.

దానికన్నా ముందు చట్టం చూసుకోవాలి. వేటకు, రైఫిల్‌కు, సప్రెసర్‌కు (చప్పుడు తగ్గించడానికి గొట్టం చివర బిగించే పరికరానికి) విడివిడిగా అనుమతులు కావాల్సిన దేశాలున్నాయి. కొన్నిచోట్ల సప్రెసర్ దుకాణంలో మామూలుగా దొరుకుతుంది, కొన్నిచోట్ల అది దగ్గరుంటేనే నేరం. మీరు వేటాడే చోటి నిబంధన రాతపూర్వకంగా చదవండి, విన్నమాట మీద కొనకండి. ఇంట్లో తయారుచేసే ఆలోచన అసలే వద్దు.

ముందు మీ రైఫిల్ ఎంత తంతుందో లెక్క వేయండి

"చాలా తంతుంది" అనే మాటతో పరికరం ఎంచుకోలేం, అంకె కావాలి. లెక్క చిన్నదే. బయటికి పోయే గుండు బరువును దాని వేగంతో గుణించండి. కాలిన తుపాకీ మందు బరువును వాయువు వేగంతో గుణించండి. వాయువు వేగాన్ని గుండు వేగానికి 1.75 రెట్లుగా తీసుకోవడం రైఫిళ్ళకు వాడుక. రెండూ కూడి రైఫిల్ బరువుతో భాగిస్తే, రైఫిల్ వెనక్కి వచ్చే వేగం వస్తుంది.

308 విన్‌చెస్టర్ అనే తూటాతో చేసి చూద్దాం. గుండు 9.7 గ్రాములు, వేగం సెకనుకు 860 మీటర్లు. మందు 2.9 గ్రాములు. స్కోపుతో కలిపి రైఫిల్ 3.4 కిలోలు. గుండు వాటా 8.3, వాయువు వాటా 4.4, మొత్తం 12.7 యూనిట్లు. రైఫిల్ సెకనుకు 3.7 మీటర్ల వేగంతో భుజం మీదికి వస్తుంది, శక్తి సుమారు 24 జూళ్ళు.

ఇందులో చూడాల్సింది వాయువు వాటా, అంటే మొత్తంలో సుమారు మూడో వంతు. గుండు వల్ల వచ్చే తన్నును గొట్టం చివర బిగించే ఏ పరికరమూ తగ్గించలేదు. గుండు వెళ్ళిపోయింది, దాని పని అయిపోయింది. బ్రేక్ గానీ సప్రెసర్ గానీ పట్టుకోగలిగేది వాయువు వాటానే. కాబట్టి గుండు బరువుతో పోలిస్తే మందు ఎంత ఎక్కువ ఉంటే, గొట్టం చివర పరికరం అంత బాగా పనిచేస్తుంది. 300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌లో వాయువు వాటా 40 శాతం దాకా ఉంటుంది, అక్కడ బ్రేక్ పెడితే తేడా మొదటి కాల్పుకే తెలుస్తుంది. 45-70లో బరువైన గుండు, తక్కువ మందు. వాయువు వాటా ఐదో వంతు దగ్గర ఆగిపోతుంది. దానికి బ్రేక్ బిగిస్తే చప్పుడు మాత్రం పూర్తిగా పెరుగుతుంది, ఉపశమనం కొంచెమే. ప్యాకెట్ మీద "దెబ్బ సగం తగ్గుతుంది" అని రాసి ఉంటే అది ఏ తూటాతో కొలిచారో అడగండి.

మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేస్తున్నది దెబ్బా, చప్పుడా?

ఈ పరీక్షకు ఒక స్నేహితుడు, నాలుగైదు డమ్మీ (పేలని) తూటాలు చాలు. రేంజ్‌లో, చెవి రక్షణ పెట్టుకుని, మీరు మొహం పక్కకి తిప్పుకుంటే అతను అసలు తూటాయో డమ్మీయో ఒకటి ఎక్కించి ఇస్తాడు. ఏది ఎక్కిందో మీకు తెలియకూడదు. గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. డమ్మీ పడినప్పుడు "టిక్" మని వినిపిస్తుంది, ఆ క్షణంలో గొట్టం చివర ఏం చేసిందో అతను చూస్తాడు. స్కోపులో మీరూ చూడొచ్చు: గురి గీతలు కదలకుండా నిలబడ్డాయా, లేక అరచేతి వెడల్పు కిందికి జారాయా? జారితే, తన్ను రాకముందే మీ భుజం దాన్ని ఎదుర్కోవడానికి ముందుకు తోసిందన్నమాట. కనురెప్పలు మూతపడ్డాయేమో కూడా అతన్నే అడగండి.

ఇప్పుడు రెండో విడత. చెవిలో ఫోమ్ ప్లగ్గులు, వాటి మీద ఇయర్ మఫ్‌లు, రెండూ పెట్టుకుని అదే పరీక్ష మళ్ళీ చేయండి. ఉలికిపాటు బాగా తగ్గిందా? అయితే మీ ఇబ్బంది చాలావరకు చప్పుడుతోనే. ఇది చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. మొహం ముందు పేలే శబ్దాన్ని, గాలి తోపును మన శరీరం భుజం దెబ్బతో కలిపేసి ఒకటే "తన్ను"గా లెక్కేసుకుంటుంది. ఇలాంటివాళ్ళు బ్రేక్ బిగిస్తే భుజం తేలికపడుతుంది, ఉలికిపాటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఒక్కోసారి ఎక్కువవుతుంది కూడా.

చప్పుడు పెంచని దారులు

మొదటిది స్టాక్ కొలత, అంటే రైఫిల్‌లో భుజానికీ చెంపకీ ఆనే భాగం కొలత. రైఫిల్ ఒంటికి సరిపోకపోతే 19 జూళ్ళ తన్ను కూడా 30లా అనిపిస్తుంది. వేటకు వేసుకునే కోటే వేసుకుని, కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తండి. చెంప సహజంగా ఆనిన తర్వాత కళ్ళు తెరవండి. స్కోపులో పూర్తి గుండ్రటి బొమ్మ కనిపించాలి. అంచుల్లో నల్లటి నీడ ఉంటే మీ కన్ను స్కోపుకు మరీ దగ్గరో మరీ దూరమో ఉంది. మెడ సాచాల్సి వస్తే స్టాక్ పొడవైంది, బొటనవేలు ముక్కుకు తగిలేలా ఉంటే పొట్టిదైంది. చెంప ఆనే చోటు కిందికి బాగా వాలి ఉన్న పాత తరహా స్టాకులు రైఫిల్‌ను పైకి లేపి దవడ ఎముకకు కొడతాయి. నేరుగా ఉండే స్టాక్ దెబ్బను సూటిగా భుజంలోకి పంపుతుంది, అది భరించడం తేలిక. స్కోపుకు, కంటికి మధ్య 9 సెంటీమీటర్ల దాకా ఖాళీ ఉండేలా బిగించండి. కనుబొమ్మ మీద ఒకసారి స్కోపు అంచు తగిలితే ఆ భయం చాలా కాలం పోదు.

రెండోది వెనక ప్యాడ్. పాత రబ్బరు ప్యాడ్ వయసుతో రాయిలా గట్టిపడుతుంది. బొటనవేలితో నొక్కి చూడండి, దిగకపోతే అది ప్యాడ్ కాదు, మూత మాత్రమే. 25 మిల్లీమీటర్ల మెత్తటి కొత్త ప్యాడ్ తన్ను మొత్తాన్ని తగ్గించదు, అదే తన్నును ఇంకాస్త ఎక్కువ సమయం మీద, ఇంకాస్త ఎక్కువ చోటు మీద పరుస్తుంది. భుజానికి కావాల్సింది అదే. అయితే ప్యాడ్ మందం పెరిగితే స్టాక్ పొడవు పెరుగుతుంది, కాబట్టి పైన చెప్పిన కళ్ళు మూసే పరీక్ష మళ్ళీ చేయాల్సిందే.

మూడోది బరువు. పై లెక్కలో 3.4 కిలోల రైఫిల్‌కు అర కిలో కలిపితే 24 జూళ్ళు 21 దగ్గరికి వస్తాయి. స్టాక్ లోపల పెట్టే బరువు గొట్టాలు ఇందుకే. రోజంతా కొండలెక్కేవాళ్ళకు ఆ అర కిలో సాయంత్రానికి చాలా భారమనిపిస్తుంది, ఒకేచోట కూర్చుని ఎదురుచూసేవాళ్ళకు అసలు తెలియదు.

నాలుగోది తూటా. చాలామంది దీన్ని ఆఖరున ఆలోచిస్తారు, నిజానికి అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇక్కడే. అదే బరువున్న రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మూర్ 19 జూళ్ళ దగ్గర ఆగుతుంది. కొత్త రైఫిల్ కొనే ఉద్దేశం లేకపోతే, ఉన్న రైఫిల్‌కే తక్కువ మందుతో చేసిన తేలిక తూటాలు దొరుకుతాయేమో చూడండి. మీరు వేటాడే జంతువుకు చట్టం అడిగే కనీస శక్తి అందులో ఉందో లేదో చూసుకోవాలి. సాధన అంతా తేలిక తూటాతో చేసి, అసలు తూటాతో గురి సరిచూసుకుని వేటకు వెళ్ళడం మంచి పద్ధతి. అడవిలో ఒకటో రెండో కాల్పులు జరిగేటప్పుడు దెబ్బ ఎవరికీ గుర్తుండదు. భుజాన్ని భయపెట్టేది రేంజ్‌లో వరసగా కాల్చే ఇరవై, ముప్పై.

డెసిబెల్ అంకెలను ఎలా చదవాలి

డెసిబెల్ మామూలు కొలబద్ద కాదు. 20 డెసిబెల్ తేడా అంటే శబ్ద పీడనం పది రెట్లు తేడా. ఇది తెలియకే "అయిదారు డెసిబెలే కదా" అంటారు. 6 డెసిబెల్ పెరిగితే పీడనం రెట్టింపవుతుంది.

వేట రైఫిల్ కాల్పు శిఖర స్థాయి సాధారణంగా 155 నుంచి 170 డెసిబెల్ మధ్య ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి పేలుడు శబ్దాలకు పెద్దలకు 140, పిల్లలకు 120 హద్దు అని సూచించింది. అంటే రక్షణ లేని ఒక్క కాల్పు కూడా హద్దు దాటిందే. గొట్టం పొట్టిగా ఉంటే చప్పుడు ఇంకా పెరుగుతుంది. మందు ఎక్కువ కాలే తూటాలదీ అదే తీరు.

కుడిచేత్తో కాల్చేవాళ్ళకు ఎడమ చెవే ముందు పాడవుతుంది. స్టాక్ మీద తల వాల్చినప్పుడు ఎడమ చెవి గొట్టం చివరకు ఎదురుగా ఉంటుంది, కుడి చెవిని తల కొంత కాస్తుంది. నా విషయంలోనూ అంతే జరిగింది. బ్రేక్ ఉన్న రైఫిల్‌తో ప్లగ్గులు లేకుండా ఒక్కసారి కాల్చాను, జంతువు ఎదురుగా నిలబడింది, ప్లగ్గులు జేబులో ఉన్నాయి. ఆ రాత్రి మొదలైన సన్నని కీచు ధ్వని నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఈ రోజుకీ ఎడమ చెవిలో వినిపిస్తుంది. ఈ మార్గదర్శి రాయడానికి సగం కారణం అదే.

మజిల్ బ్రేక్: ఎప్పుడు సరైనది

బ్రేక్ తన్నును మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించగలదు. గొట్టం ఎగరడం తగ్గుతుంది, గుండు ఎక్కడ తగిలిందో స్కోపులోనే చూడొచ్చు, ఇది చిన్న లాభం కాదు. బ్రేక్ తేలికైనది, పొడవు పెద్దగా పెరగదు. అందుకు కాల్చేవాళ్ళ చెవి దగ్గర 5 నుంచి 10 డెసిబెల్ దాకా అదనంగా భరించాలి. పక్కన నిలబడ్డవాళ్ళ పరిస్థితి అంతకన్నా కష్టం, ఎందుకంటే రంధ్రాలు తిరిగి ఉండేది వాళ్ళ వైపే.

రేకు కప్పున్న రేంజ్‌లో బ్రేక్‌తో కాల్చినప్పుడు గమనించండి. మొదటి కాల్పుకే బల్ల మీది ఖాళీ తూటా డబ్బా కదులుతుంది, పక్క బల్ల మీది కాగితాలు లేచిపోతాయి, పక్కనున్న మనిషి భుజాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. అదే బ్రేక్‌తో నేల మీద బోర్లా పడుకుని కాలిస్తే కింది రంధ్రాల్లోంచి వచ్చిన వాయువు దుమ్ము లేపి గురి మూసేస్తుంది. అందుకే కొనేటప్పుడు కింది వైపు రంధ్రాలు లేనిది చూడండి. రంధ్రాలు వెనక్కి వాలిన కొద్దీ దెబ్బ తగ్గింపు పెరుగుతుంది, చప్పుడూ అంతే పెరుగుతుంది. ఈ రెండిట్లో ఒకటి లేకుండా ఇంకోటి రాదు.

గొట్టంతో కలిపి శాశ్వతంగా చేసిన బ్రేక్ కన్నా మరతో విప్పగలిగేది ఎంచుకోండి. రేంజ్‌లో బిగించి, వేటకు విప్పేయొచ్చు. విప్పితే గుండు పడే చోటు మారుతుంది. కొన్ని రైఫిళ్ళలో గుర్తించలేనంత, కొన్నిట్లో 100 మీటర్ల దగ్గర రెండు మూడు వేళ్ళ వెడల్పు. విప్పిన తర్వాత మళ్ళీ గురి సరిచూసుకోకుండా అడవికి వెళ్ళడం గాయపడ్డ జంతువును వెతుక్కునే పనికి దారితీస్తుంది.

సప్రెసర్: రెండు పనులూ చేసేది, దాని బరువుతో సహా

సప్రెసర్ లోపలి అరల్లో వాయువును చల్లబరుస్తూ, నెమ్మదిస్తూ బయటికి వదులుతుంది. చప్పుడు 20 నుంచి 35 డెసిబెల్ తగ్గుతుంది. తన్ను కూడా పావు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది, ఇందులో కొంత వాయువు నెమ్మదించడం వల్ల, కొంత పరికరం బరువు వల్ల. హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి సూత్రం పెద్దగా మారలేదు.

సినిమాల్లో లాగా నిశ్శబ్దం మాత్రం రాదు. గుండు శబ్ద వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను, దాటి పోతున్నంతసేపూ గాలిలో దాని వెంట ఒక చిట్లింపు శబ్దం ఉంటుంది. దాన్ని ఏ సప్రెసరూ ఆపలేదు. శబ్ద వేగం కన్నా నెమ్మదిగా పోయే తూటాలున్నాయి గానీ, పెద్ద జంతువును నొప్పి లేకుండా పడగొట్టే శక్తి వాటికి ఉండదు, వాటి జోలికి వెళ్ళకండి.

కొనేటప్పుడు చూడాల్సినవి. గొట్టం మర కొలత ముందు: 30 క్యాలిబర్‌కు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, అంగుళానికి 24 చుట్లు ఉండేది ఒక వాడుక, ఎం14, ఎం15, ఎం18 అనే మిల్లీమీటర్ మరలు ఇంకో వాడుక. దగ్గర దగ్గరగా ఉన్నాయని బలవంతంగా తిప్పకండి. మర గొట్టం రంధ్రానికి సరిగ్గా నడిమధ్యన కోసి ఉండకపోతే గుండు లోపలి అరకు తగిలి పరికరం చీలుతుంది. గన్‌స్మిత్ దగ్గర సరళరేఖ కడ్డీ పెట్టి చూపించమనండి, రంధ్రం చుట్టూ ఖాళీ అన్ని వైపులా సమానంగా కనిపించాలి.

పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు, బరువు 300 నుంచి 600 గ్రాములు గొట్టం చివర చేరతాయి. పొదల్లో నడిచేటప్పుడు ఇది చికాకు పెడుతుంది. గొట్టం మీదికి వెనక్కి వచ్చే రకం తీసుకుంటే పొడవు సగం తగ్గుతుంది, తూకం కూడా చేతికి దగ్గరగా ఉంటుంది. పొడవు గొట్టం ఉన్న రైఫిల్‌కు నేనైతే అదే చెబుతాను. తర్వాతి తూటాను తనే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌లో వాయువు వెనక్కి, మొహం మీదికి వస్తుంది. ప్రతిసారీ చేత్తో తూటా ఎక్కించే బోల్ట్ యాక్షన్‌లో ఆ బెడద లేదు.

వేటరోజు కాల్పుకు ముందు ఒకసారి చేత్తో తిప్పి చూడండి, కాల్పుల అదురుకు వదులవుతుంది. ఇంటికి వచ్చాక వెంటనే విప్పేయండి. లోపల చేరిన తేమ, మసి కలిసి ఒక్క రాత్రిలో గొట్టం చివరకు తుప్పు పట్టిస్తాయి. విప్పిన మరకు మూత పెట్టడం మర్చిపోకండి.

చెవి రక్షణను కూడా పరికరంగానే లెక్కేయండి

చెవి రక్షణకు విడిగా డబ్బు కేటాయించండి, మిగిలితే కొందామనుకోవద్దు. ఉదాహరణకు కాల్చేవాళ్ళ చెవి దగ్గర ఒక రైఫిల్ 160 డెసిబెల్ అనుకుందాం. బ్రేక్‌తో 167. నిజంగా 25 తగ్గించే మఫ్ పెట్టుకుంటే 142, ఇంకా హద్దు పైనే. సప్రెసర్‌తో 132. దాని మీద అదే మఫ్ ఉంటే 107. ఈ అంకెలు రైఫిల్‌ను బట్టి మారతాయి, రెండిటి మధ్య తేడా మాత్రం పెద్దగానే ఉంటుంది.

బ్రేక్‌తో కాలిస్తే ప్లగ్గులు, మఫ్‌లు రెండూ పెట్టుకోవాలి. రెండూ కలిస్తే రక్షణ రెట్టింపు కాదు, విడిగా ఉన్న దాని మీద 5 డెసిబెల్ దాకా కలుస్తుంది. ఆ 5 కావాలి. ఫోమ్ ప్లగ్గు పెట్టే తీరులో చాలామంది పొరపాటు చేస్తారు. వేళ్ళ మధ్య సన్నని పుల్లలా నలపండి, ఇంకో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగండి, ప్లగ్గును లోపలికి తోసి అరనిమిషం వేలు తీయకండి. ఎదురుగా అద్దంలో ప్లగ్గు బయటికి పొడుచుకుని కనిపిస్తే అది కూర్చోలేదు.

అడవిలో ఆకుల చప్పుడు వినాలి గనక ప్లగ్గులు పెట్టుకోం అనేవాళ్ళకు ఎలక్ట్రానిక్ మఫ్‌లు ఉన్నాయి. చిన్న శబ్దాలను పెంచి వినిపిస్తాయి, పేలుడును అడ్డుకుంటాయి. స్టాక్ మీద చెంప ఆనించినప్పుడు మఫ్ అంచు లేచిపోకుండా పలుచటి రకం చూడండి. కళ్ళజోడు కాడ మందంగా ఉన్నా అక్కడ సందు ఏర్పడుతుంది.

మీ వేట తీరును బట్టి తేల్చుకోండి

పక్కన ఇంకో మనిషి గానీ, వేటకుక్క గానీ ఉంటే బ్రేక్ వద్దు. మీ ప్లగ్గులు మీ చెవులను కాస్తాయి, కుక్కకు అవి లేవు. మూసి ఉన్న మంచె లోపలి నుంచి కాల్చేవాళ్ళకూ ఇదే చెబుతాను, చప్పుడు గోడలకు తగిలి మళ్ళీ మీదికే వస్తుంది. పిల్లలకు నేర్పేటప్పుడు తేలిక తూటా, సరైన పొడవు స్టాక్, కుదిరితే సప్రెసర్. ఈ మూడూ లేకుండా బ్రేక్‌తో మొదలుపెడితే వాళ్ళు మొదటి రోజే చప్పుడుకు భయపడతారు.

ఒంటరిగా, తెరిచిన చోట, పెద్ద మాగ్నమ్‌తో దూరం నుంచి కాల్చేవాళ్ళకు, సప్రెసర్‌కు చట్టం అనుమతించని చోట, విప్పగలిగే బ్రేక్ న్యాయమైన ఎంపికే. రెండు రకాల రక్షణా పెట్టుకుంటామని ఖాయం చేసుకున్నాకే. సప్రెసర్‌కు అనుమతి ఉన్నచోట, బరువు మోయగలిగితే, అదే మొదటి ఎంపిక. 308 స్థాయి తూటాలకు, అంతకన్నా తేలికవాటికి చాలామందికి కొత్త ప్యాడ్, సరిచేసిన స్టాక్ చాలు, గొట్టం చివర ఏమీ అక్కర్లేదు.

కొనే ముందు ఒక పూట రేంజ్‌లో తేల్చుకోండి. ఒకే తూటా, ఒకే దూరం. ఏమీ లేకుండా అయిదు, బ్రేక్‌తో అయిదు, సప్రెసర్‌తో అయిదు, మధ్యలో గొట్టం చల్లారనివ్వండి. ప్రతి అయిదింటికీ గుళ్ళు పడ్డ గుంపు ఎంత వెడల్పు వచ్చిందో, గురి ఎటు జరిగిందో, మధ్యలో కలిపిన డమ్మీకి గొట్టం కదిలిందో లేదో కాగితం మీద రాసుకోండి. పక్కన నిలబడ్డ స్నేహితుణ్ణి కూడా ప్రతిసారీ ఎలా ఉందో అడిగి అతని మాటా ఆ కాగితం మీదే రాయండి.